దొంకినవలస దాకా ఒక టికెట్టు

2023 అక్టోబరు 29, ఆదివారం. విశాఖపట్నంలో బయల్దేరిన రాయగడ ప్యాసింజరు రాత్రి ఏడు గంటల వేళ కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య తన ముందున్న పలాస ప్యాసింజరును వెనక నుంచి గుద్దింది. పదిమందికి పైగా చనిపోయారు. ఎన్నో కుటుంబాలు ఆ రాత్రంతా ఆసుపత్రుల వరండాల్లో గడిపాయి. రాయగడ బండి అంటే విజయనగరం, గజపతినగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా పోయే బండి. పెద్దాసుపత్రిలో పని చూసుకున్నవాళ్ళు, పిల్లల్ని కాలేజీ హాస్టల్లో దించినవాళ్ళు, కూలి పని ముగించుకున్నవాళ్ళు సొంతూరు చేరడానికి ఎక్కే బండి. అంతకు ఆరేళ్ళ ముందు, 2017 జనవరి 21 రాత్రి, ఇదే లైనులో పార్వతీపురం అవతల కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి నలభై మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. బొబ్బిలి జంక్షన్‌కు ఒక పక్క ఆ జ్ఞాపకం, మరో పక్క ఈ జ్ఞాపకం.

ఆ బోగీల్లో ఉండి బయటపడ్డవాళ్ళ బాధ వేరు, దానికి కావలసిన వైద్యం వేరు. ఈ అధ్యాయం ఎక్కువగా ఆ బోగీల్లో లేనివాళ్ళ గురించి. టీవీలో చూసినవాళ్ళు, ముందు రోజే అదే బండిలో వచ్చినవాళ్ళు, మర్నాడు ఎక్కాల్సినవాళ్ళు. వాళ్ళ ఒంటి మీద గీత పడలేదు. అయినా కొందరికి స్టేషను వైపు అడుగు పడదు.

బొబ్బిలిలో ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. కూతురు విశాఖలో చదువుకుంటోంది. నెలకోసారి వెళ్ళి చూసి రావడం అలవాటు. ప్రమాదం తర్వాత మొదటి నెల ప్రయాణం పెట్టుకున్న రోజు పొద్దున్నే కాళ్ళు వణికాయి, కడుపులో తిప్పింది. తోడు వస్తానన్న ఆడపడుచుతో, "నాను రానే వదినా, బండి పేరెత్తితేనే గుండె దడదడలాడిపోతంది" అంది. ప్రయాణం మానేసింది. సంచి గోడకు తగిలించిన మరుక్షణం గుండె కుదుటపడింది. రెండో నెల రైలు వద్దని బస్సెక్కింది. మూడో నెలకు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఊపిరాడలేదు. ఏడాది తిరిగేసరికి బజారుకు వెళ్ళాలన్నా ఎవరో ఒకరు తోడుండాలి. ఇలాంటివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఒకరికి రైలు, ఒకరికి పెళ్ళిపందిరి, ఒకరికి డాక్టరు రాసిన రక్తపరీక్ష.

ఆమె కథలో కీలకమైన ఘడియ, సంచి గోడకు తగిలించినప్పుడు దక్కిన ఊరట. వెళ్ళలేదు కాబట్టి ఏమీ కాలేదని మనసు లెక్క రాసుకుంది. వెళ్ళి ఉంటే కూడా, చాలావరకు, ఏమీ అయ్యేది కాదన్న సంగతి తెలుసుకునే అవకాశం దానికి దొరకలేదు. తప్పించుకున్న ప్రతిసారీ ఆ ఊరట తీయగా ఉంటుంది, తర్వాతిసారి భయం ఇంకాస్త ముందే మొదలవుతుంది. మానసిక వైద్యులు ఆందోళన రోగాల్లో దాదాపు అన్నిటిలోనూ చూసే మలుపు ఇదే. అందుకే రోజువారీ ఉపాయాలు ఎన్ని చెప్పుకున్నా వాటి గురి ఒక్కటే కావాలి: భయపడే చోట, భయపడుతూనే, కాసేపు ఉండగలగడం.

ఈ బాధ చిన్నదేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల మందికి పైగా ఆందోళన రుగ్మతలతో ఉన్నారు. వారిలో వైద్యం అందుతున్నది నలుగురిలో ఒకరికి. మన దేశంలో నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలోనూ, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది.

ఒంట్లో జరిగేది

గాబరా పడ్డప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం బెదురు అక్కడే తగ్గుతుంది. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో రాసిన పుస్తకంలో ఈ సంగతి విడమరిచాడు. ప్రమాదం అనిపించగానే అడ్రినలిన్ రక్తంలోకి విడుదలవుతుంది. పరుగెత్తడానికో, ఎదిరించడానికో కండరాలకు రక్తం కావాలి, కాబట్టి గుండె వేగం పెంచుతుంది. అప్పటికి అరుగుదల అవసరం లేదు, కాబట్టి పొట్ట పని తగ్గిస్తుంది. కడుపులో తిప్పినట్టు ఉండేది అందుకే. ఒళ్ళు వేడెక్కకుండా చెమట పోస్తుంది. పాము కనబడితే ఇవన్నీ ప్రాణం నిలిపే ఏర్పాట్లే. ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం పరుగెత్తే పని ఉండదు, ఆ శక్తికి దారి దొరకదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కంగారులో ఊపిరి వేగంగా, పైపైన తీసుకుంటాం. అప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు మరీ తగ్గిపోతుంది. దానివల్ల వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూతి చుట్టూ చిమచిమలాడుతుంది, కళ్ళు తిరుగుతాయి. గాలి చాలడం లేదనిపించి మనిషి ఇంకా వేగంగా పీలుస్తాడు, తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. గుండెపోటే వచ్చిందని ఇంటిల్లిపాదీ హడలిపోయే రాత్రుల్లో కొన్నిటి వెనక ఉన్నది ఈ చక్రమే. ఇలాంటి తీవ్రమైన గాబరా సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, తర్వాత దిగడం మొదలుపెడుతుంది.

ఇక్కడొక జాగ్రత్త తప్పనిసరి. ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినప్పుడు, అందులోనూ నలభై దాటినవాళ్ళకో, షుగరు, బీపీ ఉన్నవాళ్ళకో వచ్చినప్పుడు, నొప్పి చెయ్యికో దవడకో పాకినప్పుడు అది గాబరానే అని ఇంట్లో తీర్మానించుకోకూడదు. 108కి ఫోన్ చేయాలి, ఈసీజీ తీయించాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగరు పడిపోయినా ఇలాగే దడ పుడుతుంది. ఒకసారి పరీక్షలు చేయించి గుండె బాగుందని డాక్టరు చెప్పాక, వారం వారం కొత్త డాక్టరు దగ్గర అదే పరీక్ష మళ్ళీ చేయించుకోవడం మాత్రం వేరే జబ్బు. దాని సంగతి తర్వాత.

ప్రయాణాన్ని ముక్కలు చేయడం

బొబ్బిలి ఇల్లాలి దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆమెను బలవంతంగా విశాఖ బండి ఎక్కించడం వైద్యం కాదు. ధైర్యం చెప్పి వదిలేయడమూ కాదు. నూరేళ్ళ కిందట, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో పీటర్ అనే చిన్న పిల్లవాడి విషయంలో చేసిన పని ఇప్పటికీ దారి చూపిస్తోంది. మూడేళ్ళు కూడా సరిగ్గా నిండని ఆ పిల్లవాడికి కుందేలంటే భయం. ఆమె కుందేలును బోనులో పెట్టి, గదిలో అతనికి దూరంగా ఉంచింది. పిల్లవాడు ఇష్టమైన తిండి తింటున్నప్పుడు, కుందేలంటే బెదరని పిల్లలు పక్కన ఆడుకుంటున్నప్పుడు, బోను కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. చివరికి పీటర్ ఆ కుందేలును తన చేత్తో నిమిరాడు. దూరం, తోడు, ఓపిక, ఈ మూడే ఆమె వాడిన మందులు.

అదే పద్ధతిని రైలుకు వేసి చూస్తే ఇలా ఉంటుంది. ముందు కాగితం తీసుకుని, విశాఖ ప్రయాణాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు పదికి ఎంత భయమో అంకె వేయాలి. ఇంట్లో కూర్చుని రైలు ప్రయాణం గురించి మాట్లాడుకోవడం, రెండు. స్టేషను ముందు ఆటో దిగి నిలబడడం, మూడు. ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని లోపల కూర్చుని ఒక బండి వచ్చి వెళ్ళిపోవడం చూడడం, నాలుగు. విజయనగరం వైపు పక్క స్టేషను దొంకినవలస దాకా ప్రయాణం, అయిదు. గజపతినగరం దాకా ఆరు. విజయనగరం ఏడు. ఆ తర్వాత కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస దాటి విశాఖ, పది. అంకెలు ఆమెవి. ఇంకొకరికి అలమండ కన్నా విశాఖ స్టేషనులోని జనమే ఎక్కువ భయం కావచ్చు, వాళ్ళ కాగితం వేరుగా ఉంటుంది.

మూడు దగ్గర మొదలుపెట్టాలి. స్టేషను ముందు నిలబడగానే భయం పెరుగుతుంది. పెరగాలి కూడా, పెరగని చోట నేర్చుకునేదేమీ ఉండదు. చేయాల్సింది అక్కడే ఉండిపోవడం. అంకె ఏడుకు వెళ్ళినా, కాళ్ళు ఇంటివైపు లాగినా, అది సగానికి దిగేదాకా కదలకూడదు. సాధారణంగా అరగంట, ముప్పావుగంట పడుతుంది. భయం ఆరులో ఉన్నప్పుడు వెనక్కి వస్తే సంచి గోడకు తగిలించిన రోజే మళ్ళీ జరిగినట్టు. మూడుకు దిగాక వెనక్కి వస్తే, ఇది పెరుగుతుంది, దానంతటదే తగ్గుతుంది అన్న అనుభవం ఆమె సొంతమవుతుంది. ఎవరెంత నచ్చజెప్పినా రాని నమ్మకం అలాగే వస్తుంది.

మర్నాడు అదే మెట్టు. ఆ మర్నాడు కూడా. నెలకోసారి చేస్తే ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది, వారంలో నాలుగైదు సార్లు చేస్తే త్వరగా పాతబడుతుంది. స్టేషను ముందు నిలబడడం విసుగు పుట్టిస్తోంది అన్న రోజు పై మెట్టు ఎక్కాలి. దొంకినవలసకు మొదటిసారి ఆడపడుచు పక్కన కూర్చోవచ్చు. రెండోసారి అదే బోగీలో కాస్త దూరంగా. మూడోసారి వేరే బోగీలో. తిరుగుబండి ఎప్పుడుందో ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది, కొత్త తలనొప్పి ఉండదు.

చాలామంది తడబడేది ఊతకర్రల దగ్గర. గుమ్మం పక్క సీటే కావాలనడం, స్టేషను స్టేషనుకూ ఇంటికి ఫోన్ చేయడం, చేతిలో మాత్ర పట్టుకునే కూర్చోవడం, కళ్ళు మూసుకుని అలమండ దాటడం. ఇవి ఉన్నంతకాలం "ఫోన్ ఉంది కాబట్టి దాటాను" అనే మనసు చెబుతుంది. మొదట్లో ఒకటో రెండో ఉంటే ఉండనివ్వాలి, తర్వాత ఒక్కొక్కటే పక్కన పెట్టాలి. కంటకాపల్లి వచ్చినప్పుడు కిటికీలోంచి బయటికి చూడగలిగితే ఆ ప్రయాణం పూర్తయినట్టే.

పాత భయం చెరిగిపోదన్నది కూడా చెప్పుకోవాలి. దాని పక్కన కొత్త అనుభవం చేరుతుంది, అంతే. దేశంలో మరెక్కడో రైలు ప్రమాదం జరిగి టీవీలో చూపించిన రోజు మళ్ళీ గుండె దడదడలాడవచ్చు. అప్పుడు పాత కాగితం తీసి, రెండు మెట్లు కిందికి దిగి మొదలుపెడితే, మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

ప్రమాదంలో స్వయంగా చిక్కుకుని, నెల దాటినా ఆ దృశ్యాలు కళ్ళ ముందు కదులుతున్నవాళ్ళు, పీడకలలతో లేచి కూర్చుంటున్నవాళ్ళు ఈ మెట్లను సొంతంగా ఎక్కే ప్రయత్నం చేయకూడదు. వాళ్ళకు నిపుణుల సాయం కావాలి.

ఊపిరి పని

స్టేషను ముందు ఆ అరగంట నిలబడడానికి ఊపిరి సాయం చేస్తుంది. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు కాస్త తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూసుకుంటే కొందరికి ఆ తేడా వేళ్ళకే తెలుస్తుంది. వదలడం పొడవైతే నెమ్మదించే సమయం ఎక్కువవుతుంది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. అలా నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. ఛాతీ ఎగరకూడదు, బొడ్డు మీద పెట్టిన చెయ్యి లేచి పడాలి. అయిదు నిమిషాలు చాలు.

ఒక షరతు ఉంది. గాబరా లేని వేళల్లో రోజూ చేసి ఉండాలి. పొద్దున చోడి అంబలి తాగే ముందో, రాత్రి పడుకునే ముందో రెండు పూటలా అలవాటు చేసుకుంటే, కాళ్ళు వణికే రోజున ఒంటికి దారి తెలుసు. ఎన్నడూ చేయకుండా ఆపదలో మొదలుపెడితే లెక్క తప్పుతుంది, లెక్క తప్పిందని కంగారు పెరుగుతుంది. ఇంకొకటి, "దీంతో భయం వెంటనే పోవాలి" అన్న పట్టుదలతో చేసే ఊపిరి కూడా ఊతకర్రే అవుతుంది. నిలబడగలగడానికే అది.

ఊపిరి మీద మనసు నిలవనివాళ్ళకు కండరాల పద్ధతి పనికొస్తుంది. దీన్ని షికాగోలో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1920లలో రూపొందించాడు. పిడికిలి గట్టిగా బిగించి, కొన్ని క్షణాలు ఆగి, వదిలేయాలి. తర్వాత భుజాలు, మొహం, పొట్ట, పిక్కలు. రోజంతా కుట్టుమిషను మీదో, జూట్ మిల్లులోనో, పొలంలోనో ఒళ్ళు వంచినవాళ్ళకు తమ భుజాలు ఎప్పుడూ బిగుసుకునే ఉన్నాయని అప్పుడు గాని తెలియదు.

వినడానికి ఇష్టమైన సంగీతం కూడా కొందరికి మంచి ఆసరా. శస్త్రచికిత్సకు ముందు రోగుల ఆందోళనను సంగీతం తగ్గించగలదని చాలా పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు చెప్పాయి. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా ఒకే పనస దుంగను తొలిచి వీణలు చేస్తున్నారు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరుతో లోకమంతా తిరుగుతున్న ఆ వాద్యాన్ని రోజూ పావుగంట వినడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

దిగులుకు ఒక వేళ

రైలు భయానికి స్టేషను ఉంది, మెట్లు ఉన్నాయి. ఏ చోటా లేని దిగులు సంగతి వేరు. కొడుకు హైదరాబాదులో ఉంటాడు, తిన్నాడో లేదో. పిల్లకు సంబంధం కుదురుతుందో లేదో. అప్పు తీరుతుందో లేదో. ఉత్తరాంధ్రలో పిల్లలు చదువులకో, కూలికో, ఉద్యోగాలకో దూరం వెళ్ళని ఇల్లు తక్కువ. ఆ ఇళ్ళల్లో ఫోన్ మోగకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

"ఫోనెత్తవేటిరా బావు, పేనం ఎగిరిపోనాది!"

"డ్యూటీలో ఉన్నానమ్మా."

గుండె కుదుటపడుతుంది. గంటన్నర తర్వాత మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఫోన్. ఇది సంచి గోడకు తగిలించడం వంటిదే. కొడుకు గొంతు విన్న ఊరట ప్రతిసారీ ఇంకాస్త తక్కువసేపు నిలుస్తుంది. వారం వారం ఈసీజీ తీయించుకునేవాళ్ళదీ ఇదే దారి. ఆ తల్లి ప్రేమను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఆమె నిద్ర, ఆ కొడుకు పని రెండూ పాడవుతున్నాయి. ఇద్దరూ కూర్చుని రోజుకు ఒక వేళ ఖాయం చేసుకోవడం మేలు, రాత్రి ఎనిమిదిన్నరకు అనుకుంటే ఎనిమిదిన్నరకు. మధ్యలో చేయాలనిపించినప్పుడు పది నిమిషాలు ఆగాలి, మర్నాడు పావుగంట, ఆ తర్వాత అరగంట. ఇవీ మెట్లే. కొడుకు వైపు బాధ్యత ఒకటుంది: చెప్పిన వేళకు తప్పకుండా చేయాలి.

పగలంతా తిరిగే ఆలోచనలకు పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో ఒక ఉపాయం పరీక్షించారు. రోజూ ఒకే వేళ, ఒకే చోట, అరగంట దిగులు పడడానికి కేటాయించాలి. మిగతా సమయంలో దిగులు వస్తే, దాన్ని ఒక్క మాటలో రాసుకుని ఆ వేళకు వాయిదా వేయాలి. మంచం మీద, భోజనం దగ్గర మాత్రం వద్దు. ఇంటి పెరట్లోనో, అరుగు మీదనో సాయంత్రం ఆరింటికి కూర్చుని, రాసుకున్న చీటీ చూసుకుంటే, పొద్దున నిలువెల్లా వణికించిన సంగతి అప్పటికి అంత పెద్దగా కనబడకపోవచ్చు. కనబడితే, ఆ అరగంటా దాని గురించే నిజాయితీగా ఆలోచించాలి.

రాసిపెట్టుకోవడంలో ఇంకో లాభం ఉంది. అదే యూనివర్సిటీలో లూకాస్ లాఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ 29 మంది ఆందోళన రోగులతో పది రోజులపాటు వచ్చిన ప్రతి దిగులునూ రాయించి, తర్వాత నెల రోజులు ఏది నిజమైందో చూశారు. 2020లో వెలువడిన ఆ అధ్యయనంలో నూటికి 91 దిగుళ్ళు నిజం కాలేదు. ఇది ఊరికే చెబితే ఎవరికీ గుండె దడ తగ్గదు. సొంత నోటుపుస్తకంలో, సొంత చేతిరాతతో ఆ లెక్క తేలినప్పుడు మాత్రం మనిషి తన దిగులును కాస్త అనుమానంగా చూడడం మొదలుపెడతాడు.

కొన్ని దిగుళ్ళు నిజమవుతాయి. అక్టోబరు వస్తే ఉత్తరాంధ్రవాళ్ళకు ఆకాశం వైపు చూసే అలవాటు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. తుపాను భయాన్ని "ఉత్త ఆలోచన" అనడం అన్యాయం. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న, దీనికి ఈ రోజు చేయగలిగిన పని ఉందా? ఉంటే ఆ పని చేయాలి. కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టడం, తాగునీరు పట్టుకోవడం, ఫోన్, టార్చి చార్జి చేసుకోవడం, కోసిన పంటను మెరకకు చేర్చడం, పశువుల్ని విప్పడం. పని అయిపోయాక వార్తల్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలే చూడాలి. రాత్రంతా వాట్సాప్‌లో తిరిగే పాత వీడియోలు చూస్తూ కూర్చున్నందువల్ల గాలి దిశ మారదు, మర్నాడు ఇంటిని కాపాడుకోవాల్సిన ఒంటికి నిద్ర మాత్రం పోతుంది.

పౌరుషం ఉన్న ఊళ్ళో భయం

1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర జరిగిన యుద్ధం ఈ ఊరి పిల్లలు ఉగ్గుపాలతో వినే కథ. తాండ్ర పాపారాయుడి పేరు చెబితే వెన్ను నిటారవుతుంది. అంత పౌరుషం పేరుగా ఉన్న ఊళ్ళో ఒక మగవాడు "నాకు భయంగా ఉంది" అనడం ఎంత కష్టమో ఆలోచించాలి. అందుకే ఆ మాట వేరే రూపాల్లో వస్తుంది. గ్యాసు పట్టిందంటాడు. నరాల బలహీనతంటాడు. చిన్నదానికి ఇంట్లో కేకలేస్తాడు. సాయంత్రమయ్యేసరికి వైన్‌షాపు వైపు నడుస్తాడు. మందు ఆ రెండు గంటలూ దడను తగ్గిస్తుంది, దిగిపోయేటప్పుడు నిద్రను చెడగొట్టి మర్నాటి పొద్దున దడను రెట్టింపు చేస్తుంది. ఇది నమ్మకం సంగతి కాదు, మత్తు తగ్గేటప్పుడు నాడులు రేగే తీరు అది. ఇంట్లో ఆడవాళ్ళు, అన్నదమ్ములు ఈ గుట్టు గ్రహించి, "గ్యాసేనా, ఇంకేమైనా బెంగా?" అని ఒక్కసారి మెల్లగా అడగడం చాలా పెద్ద సాయం.

టీ గురించి కూడా రెండు మాటలు. కెఫీన్ గుండె వేగం పెంచుతుంది, అది ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. దడ ఉన్నవాళ్ళు పరగడుపున టీ మానేసి, సాయంత్రం నాలుగు తర్వాత ముట్టుకోకుండా రెండు వారాలు చూడాలి. రోజూ అరగంట చెమట పట్టేలా నడవాలి. పడుకునే ముందు మర్నాడు చేయాల్సిన పనులు అయిదు నిమిషాలు కాగితం మీద రాసుకుంటే త్వరగా నిద్ర పడుతుందని అమెరికాలో బేలర్ యూనివర్సిటీ 2018లో చూపించింది.

పక్కింటి మనిషి, పెద్ద డాక్టరు

మన రాష్ట్రంలోనే ఒక మంచి ప్రయోగం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, చేతికి ట్యాబ్ ఇచ్చి, ఇంటింటికీ పంపారు. దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళను గుర్తించడం, పీహెచ్‌సీ డాక్టరుకు చూపించడం, మళ్ళీ వెళ్ళి పలకరించడం వాళ్ళ పని. మానసిక జబ్బు అంటే సిగ్గుపడాల్సింది లేదని ఊళ్ళో ముందుగా ప్రచారం చేశారు. సమస్య ఉన్నట్టు తేలినవారిలో వైద్యసేవలు వాడుకున్నవాళ్ళు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. వాళ్ళ ఆందోళన, దిగులు స్కోర్లు కూడా తగ్గాయి. తెలిసిన మనిషి ఇంటికి వచ్చి అడిగితే జనం నోరు విప్పుతారు.

జింబాబ్వే రాజధాని హరారేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006 నుంచి చేస్తున్నదీ అలాంటిదే. ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద ఒక బల్ల వేసి, శిక్షణ పొందిన నాన్నమ్మల్ని కూర్చోబెట్టాడు. వాళ్ళు వింటారు, బాధల్లోంచి ఒక్కదాన్ని ఎంచుకోమంటారు, దానికి చేయగలిగే చిన్న పని తేలుస్తారు, వచ్చే వారం మళ్ళీ రమ్మంటారు. 2016లో వెలువడిన పరిశోధనలో మామూలు సేవలు పొందినవాళ్ళకన్నా ఈ బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు స్పష్టంగా తేరుకున్నారు. బొబ్బిలిలో అరుగుల మీద కూర్చునే పెద్దమ్మలకు, డ్వాక్రా సంఘాల్లో పదిమందిని నడిపించే అప్పలకు ఇది చేతకాని విద్య కాదు. నేర్చుకోవాల్సిందల్లా సలహా చెప్పేముందు పూర్తిగా వినడం, "ఆలోచించకు, అంతా సర్దుకుంటుంది" అనే మాట ఆపుకోవడం.

అమ్మవారికి మొక్కుకోవడం, తాయెత్తు కట్టించుకోవడం మనసుకు నిబ్బరం ఇస్తే మంచిదే. వాటికోసం డాక్టరును ఆరు నెలలు వాయిదా వేయడమే ప్రమాదం. దాదాపు ప్రతిరోజూ ఆందోళన రెండు వారాలకు మించి ఉంటే, నిద్ర, తిండి, పని చెడితే, ఇల్లు కదలలేకపోతే వైద్యుణ్ణి కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం తీసుకెళ్ళాలి: దడ ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ పనులు మానేశారు, టీ, మందు ఎంత తాగుతున్నారు. మాత్రలు రాస్తే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆందోళనకు ఎక్కువగా వాడే మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కాస్త కడుపు తిప్పినా, దడ పెరిగినట్టు అనిపించినా డాక్టరుకు చెప్పాలి గాని సొంతంగా ఆపేయకూడదు. ఆల్ప్రాజొలామ్ లాంటివి వెంటనే హాయినిస్తాయి, కానీ వారాల తరబడి వాడితే అలవాటు పడిపోతాం. ఎన్ని రోజులు వాడాలి, ఎలా తగ్గించాలి అని మొదటి రోజే తేల్చుకోవాలి. చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకోకూడదు, పక్కింటివాళ్ళకు పనిచేసిందని వాళ్ళ మాత్ర వేసుకోకూడదు. భయపడే చోటికి మెట్టు మెట్టుగా వెళ్ళే పద్ధతిలో సాయం చేసే సైకాలజిస్టు ఉన్నారా అని కూడా అడగవచ్చు. మాటల చికిత్సకు కొన్ని వారాలపాటు వెళ్ళాల్సి వస్తుంది, బొబ్బిలి నుంచి ప్రతిసారీ విశాఖ వెళ్ళడం కుదరనివాళ్ళు మధ్యమధ్య ఫోన్లో మాట్లాడే వీలు ఉందేమో కనుక్కోవాలి.